పోలో అనే మాట ఎక్కడిది? ఆట ఒకచోటిది, పేరు మరోచోటిదా?

తెల్లకాగితం:
అందరికీ నమస్కారం. పిల్లల పత్రికకు ఆటల మీద చిన్న వ్యాసాలు రాస్తున్నాను. ఈసారి పోలో వంతు వచ్చింది. ఆట గురించి రాయడం కష్టం కాలేదు కానీ, ఆ పేరుకు అర్థం చెప్పాల్సిన దగ్గర ఆగిపోయాను. మార్కో పోలో పేరు మీద వచ్చిందని ఒకచోట, మణిపురి మాట అని ఇంకోచోట, టిబెట్ మాట అని మరోచోట చదివాను. మా ఎడిటర్ గారేమో ఇంగ్లీషు మాటే అంటున్నారు. పిల్లలు చదివేది కాబట్టి తప్పు పోకూడదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా? అలాగే పోలో టీషర్టు, వాటర్ పోలో, పోలో పిప్పరమెంటు... ఇవన్నీ ఒకే మాటేనా?

గ్రూప్స్‌గురి:
కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోర్‌లో పోలో ఆడుతూ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. పోటీ పరీక్షలు రాసేవాళ్లందరికీ కంఠతా వచ్చిన బిట్ ఇది. అంటే 800 ఏళ్ల కిందటే ఆ మాట మన దగ్గర ఉన్నట్టే కదా. పార్శీ మాట అయ్యుంటుంది.

లైబ్రరీమావయ్య:
బాబూ, ఐబక్ అలా చనిపోయిన మాట నిజమే. ఆయన సమాధి ఇప్పటికీ లాహోర్ అనార్కలీలో ఉంది. కానీ ఆయన కాలంలో ఆ ఆటను పోలో అనలేదు, చౌగాన్ అన్నారు. మన పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు పిల్లలకు తెలియాలని ఇప్పటి పేరు వాడారు, అంతే.

చౌగాన్ పార్శీ మాట. చివర వంగిన కర్రను కూడా అదే మాటతో పిలుస్తారు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో నక్ష్-ఎ-జహాన్ అని పెద్ద మైదానం ఉంది. ఇరాన్ రాజు షా అబ్బాస్ అక్కడ చౌగాన్ ఆడించేవాడు, తన రాజభవనం వసారా మీద నుంచి చూసేవాడు. అప్పటి రాతి గోల్ స్తంభాలు మైదానం రెండు చివర్లా ఇంకా నిలబడే ఉన్నాయి.

మన దేశంలో అక్బర్‌కు ఈ ఆట పిచ్చి. పగలు చాలక రాత్రి కూడా ఆడేవాడు. చీకట్లో బంతి ఎలా కనిపిస్తుందంటారా? మోదుగ చెక్కతో బంతి చేసి నిప్పంటించేవాళ్లు. మోదుగ తేలికగా ఉంటుంది, చాలాసేపు కాలుతుంది. ఈ సంగతి అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. మోదుగాకు విస్తళ్లలో తిన్నవాళ్లం మనం, ఆ చెట్టుకు ఇలాంటి చరిత్ర ఒకటి ఉందని నేను చదివినప్పుడు ఎంత సంతోషం వేసిందో!

హిమాచల్‌లోని చంబాలో ఊరి నడిబొడ్డు మైదానాన్ని ఈనాటికీ చౌగాన్ అనే అంటారు. జైపూర్‌లో చౌగాన్ స్టేడియం ఉంది. ఇన్ని శతాబ్దాలు ఉత్తర భారతమంతా ఈ పేరే చలామణీ అయింది. పోలో అన్న పేరు మనవాళ్ల చెవిన పడింది బ్రిటిష్ కాలంలోనే.

కొబ్బరాకు:
అయితే మార్కో పోలో సంగతి? ఆయన మన మోటుపల్లికి వచ్చాడంటారు కదా. ఆయనతో పాటు ఆట పేరు వచ్చే అవకాశం లేదా?

లైబ్రరీమావయ్య:
లేదండీ. పోలో అన్నది ఆయన ఇంటిపేరు. వెనిస్ వాళ్లు పాల్ అనే పేరును అలా పలుకుతారు. ఇటలీలో మిగతాచోట్ల పావొలో అంటారు. వెనిస్‌లో శాన్ పోలో అని ఒక పేటే ఉంది, సెయింట్ పాల్ పేరు మీద. ఆట పేరు యూరప్ చేరింది 19వ శతాబ్దంలో. మార్కో పోలో 1324లోనే పోయాడు. రెండు మాటలూ అనుకోకుండా ఒకేలా వినిపిస్తున్నాయి, అంతకుమించి బంధుత్వం లేదు.

మోటుపల్లి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. ఆయన రాతల్లో అది ముత్ఫిలి అని ఉంటుంది. అక్కడ ఒక రాణి, భర్త పోయాక నలభై ఏళ్లు న్యాయంగా పాలించిందని, ఆ రాజ్యంలో వజ్రాలు దొరుకుతాయని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి అనే చరిత్రకారులు చెబుతారు. అయితే చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమ 1289లోనే మరణించింది. మార్కో పోలో ఈ తీరం వెంట ప్రయాణించింది 1290ల మొదట్లో. అంటే అప్పటికి ఆమె లేదు, జనం నోట విన్న కీర్తినే ఆయన రాసుకుని ఉండాలి.

నల్లమల:
ఒక చిన్న సందేహం. "జనం పొలోమని వచ్చారు" అంటాం కదా, దానికీ ఆటకూ ఏమైనా...?

తెల్లకాగితం:
మంచి ప్రశ్న, పిల్లలు కూడా ఇదే అడుగుతారు.

లైబ్రరీమావయ్య:
సంబంధం లేదు. పొలోమని అన్నది మన సొంత అనుకరణ మాట. బిలబిలా, గబగబా ఎలాంటివో అదీ అలాంటిదే. పైగా దాంట్లో 'పొ' హ్రస్వం. ఆట పేరు వేరే దారిలో వచ్చింది. ఆ దారి గురించి మన సరిహద్దు గారు చెబితే బాగుంటుంది, ఆయన లదాఖ్‌లో ఉద్యోగం చేశారు.

సరిహద్దు:
పిలిచినందుకు సంతోషం మావయ్య గారూ.

పోలో అనేది బాల్టీ భాష మాట. అర్థం చాలా చిన్నది: బంతి. బాల్టిస్తాన్ అంటే కారకోరం కొండల కింద సింధు నది లోయ. స్కర్దు, షిగర్, ఖప్లు అక్కడి ఊళ్లు. ఇప్పుడది పాకిస్తాన్ ఆధీనంలో ఉంది. మన వైపు కార్గిల్ ప్రాంతంలో, 1971 యుద్ధంలో మన చేతికొచ్చిన తుర్తుక్ గ్రామంలో బాల్టీ మాట్లాడేవాళ్లు ఉన్నారు. వాళ్లు ముస్లింలు, భాష మాత్రం టిబెటన్ కుటుంబానిది. టిబెటన్‌లోనూ బంతిని పోలో అనే అంటారు. అక్కడ ఫుట్‌బాల్‌కు కాంగ్-పోలో అని పేరు. కాంగ్ అంటే కాలు. గుర్రం సంగతే లేదు చూడండి. ఆ మాటకు సొంతంగా గుర్రంతో పనిలేదు, ఉన్నది బంతితోనే.

లదాఖ్‌లో ఈ ఆట చూడ్డం మరిచిపోలేని అనుభవం. మైదానం పక్కన వాయిద్యగాళ్లు కూర్చుంటారు. దమన్ అని జంట నగారా, సుర్నా అని మన సన్నాయి లాంటిది. గోల్ పడగానే వాయిద్యం హోరెత్తుతుంది. గోల్ కొట్టినవాడు బంతిని చేత్తో పట్టుకుని, గుర్రాన్ని దౌడు తీయిస్తూ మైదానం మధ్యకు వస్తాడు. ఆ వేగంలోనే బంతిని గాల్లోకి ఎగరేసి, అది నేల మీద పడకముందే కర్రతో కొడతాడు. మళ్లీ ఆట అక్కడి నుంచే మొదలు. గుర్రం పరుగు ఆపదు, మనిషి చూపు బంతి మీద నుంచి కదలదు. ఆ ఒక్క దెబ్బ కోసమే ఊరంతా వస్తుందని నాకు అనిపించేది.

ఇంకా పైన, పాకిస్తాన్ వైపున్న షందూర్ కనుమలో, సుమారు 3,700 మీటర్ల ఎత్తున, గిల్గిత్ వాళ్లూ చిత్రాల్ వాళ్లూ ఏటా పోటీ పడతారు. జట్టుకు ఆరుగురు. అంపైర్ ఉండడు.

గోదారిగట్టు:
నేను చదివినదాంట్లో పోలోకు అసలు రూపం పులు అని, పులు అంటే విల్లో చెట్టు వేరు అని, ఆ వేరుతో బంతి చేస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఉంది. ఇంటర్నెట్‌లో చాలాచోట్ల ఇలాగే రాశారు.

సరిహద్దు:
అది చాలామంది ఒకరిని చూసి ఒకరు రాసుకున్న మాట గోదారిగట్టు గారూ. విల్లో చెట్టును లదాఖ్‌లో చాంగ్మా అంటారు. టిబెటన్‌లోనూ దాదాపు అదే మాట. లేహ్ చుట్టుపక్కల కాలవ గట్ల మీద ఎక్కడ చూసినా ఆ చెట్లే, ఏ పిల్లవాణ్ణి అడిగినా చాంగ్మా అనే చెబుతాడు. బంతిని చెక్కతోనో వేరుతోనో చేస్తారన్నది నిజం. అందుకని బంతి పేరే చెట్టు పేరు అనుకోవడం సరికాదు. మీరు పిల్లల పత్రికలో "బంతి" అనే రాయండి తెల్లకాగితం గారూ, అదే గట్టి అర్థం.

తెల్లకాగితం:
చాలా ఉపయోగపడింది. కానీ ఇప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. నేటి పోలో పుట్టింది మణిపూర్‌లో అని అందరూ రాస్తున్నారు. మణిపూర్ దేశానికి ఆ చివర, బాల్టిస్తాన్ ఈ చివర. మణిపూర్ ఆటకు బాల్టీ పేరు ఎలా అంటుకుంది?

లైబ్రరీమావయ్య:
అసలు ముడి ఇక్కడే ఉందమ్మా. దీనికి హాబ్సన్-జాబ్సన్ అనే పాత నిఘంటువు బాగా పనికొస్తుంది. 1886లో వచ్చింది. యూల్, బర్నెల్ అని ఇద్దరు కూర్చారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు.

అందులో పోలో దగ్గర ఉన్న సారాంశం ఇది. ఒకప్పుడు యూరప్ నుంచి చైనా అంచుల దాకా ఆడిన ఈ ఆట, వాళ్ల కాలం వచ్చేసరికి హిమాలయాల రెండు కొసల్లోనే బతికి ఉంది. తూర్పు కొసన మణిపూర్. పడమటి కొసన లదాఖ్, బాల్టిస్తాన్, గిల్గిత్, చిత్రాల్. మధ్యలో మైదానాల్లో చౌగాన్ అప్పటికే మూలపడింది. ఇంగ్లీషువాళ్లు మొదట తూర్పు నుంచి నేర్చుకున్నారు. కొద్దికాలానికి, 1864 ప్రాంతంలో, పంజాబ్‌కు ఈ ఆట రెండు దిక్కుల నుంచీ చేరింది: ఒకటి బెంగాల్ వైపు నుంచి, రెండోది కాశ్మీర్ నుంచి. ఎండాకాలం కాశ్మీర్‌కు వెళ్లిన ఇంగ్లీషు ఆఫీసర్లు అక్కడ చూసి ఆడటం మొదలుపెట్టారు.

ఆట నేర్పింది మణిపూర్. పడమటి వైపు వాడే మాట రెండక్షరాలది, ఎవరి నాలుకకైనా తేలిగ్గా తిరుగుతుంది. మణిపురి పేరు సగోల్ కాంజై. దీన్నిబట్టి పోలో ఎందుకు నిలిచిందో నాకైతే ఆశ్చర్యం లేదు. కానీ పేరు పోవడంతో మణిపూర్‌కు రావాల్సిన గుర్తింపు కూడా వంద ఏళ్లకు పైగా వెనక్కి పోయింది. అది మాత్రం బాధ.

ఇంఫాల్‌నుంచి:
మావయ్య గారు చెప్పిన ఆఖరి మాటకు నా రెండు చేతులూ ఎత్తి నమస్కారం. ఉద్యోగరీత్యా ఇంఫాల్‌లో ఉంటున్నాను, ఇక్కడివాళ్లు ఈ సంగతి ఎంత ప్రాణంగా చెబుతారో రోజూ వింటున్నాను.

సగోల్ అంటే గుర్రం. కాంజై అంటే బంతిని కర్రతో కొట్టే ఆట. కాలి మీద ఆడే కాంజై కూడా ఉంది, అది హాకీ లాంటిది. గుర్రం మీద ఆడితే సగోల్ కాంజై. ఇక్కడి మెయితేయి జాతివాళ్ల నమ్మకంలో ఈ ఆటకు దేవుడు మార్జింగ్. ఇంఫాల్ దగ్గర హైంగాంగ్ కొండ మీద ఆయన గుడి ఉంది. గుర్రం బొమ్మలు తెచ్చి మొక్కు తీర్చుకుంటారు. 2023 జనవరిలో అదే కొండ మీద సుమారు 120 అడుగుల పోలో ఆటగాడి విగ్రహం ప్రారంభించారు.

ఇంగ్లీషువాళ్లు ఈ ఆట నేర్చుకున్నది మణిపూర్ రాజ్యం బయట. 1819 నుంచి 1826 దాకా బర్మా సేనలు మణిపూర్‌ను తొక్కేశాయి. ఇక్కడివాళ్లు దాన్ని చాహి తారెత్ ఖుంతాక్పా, ఏడేళ్ల విధ్వంసం అంటారు. అప్పుడు వేలమంది ప్రాణాలు దక్కించుకుని అస్సాంలోని కచార్‌కు పారిపోయారు. పోతూ పోతూ గుర్రాలనూ, ఆటనూ వెంట తీసుకెళ్లారు. కచార్‌లో వాళ్ల ఆట చూసి లెఫ్టినెంట్ జోసెఫ్ షేరర్, అక్కడి అధికారి కెప్టెన్ రాబర్ట్ స్టువర్ట్ నేర్చుకున్నారు. 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టారు. తర్వాత 1862లో కలకత్తా పోలో క్లబ్బు వచ్చింది. ఈనాటికీ నడుస్తున్న పోలో క్లబ్బుల్లో అదే పాతది. ఊరూ ఇల్లూ పోగొట్టుకున్న జనం నుంచి ఈ ఆట ప్రపంచానికి చేరిందన్న సంగతి పిల్లలకు తప్పకుండా రాయండి.

గ్రూప్స్‌గురి:
ఇంగ్లండ్‌కు ఎప్పుడు వెళ్లింది? అక్కడ మొదటి నుంచీ పోలో అనే అన్నారా?

లైబ్రరీమావయ్య:
లేదు బాబూ. 1869లో ఆల్డర్‌షాట్ సైనిక శిబిరంలో 10వ హుస్సార్స్ అనే గుర్రపు దళం ఆఫీసర్లు పత్రికలో ఈ ఆట గురించి చదివి, చేతికర్రలతో, బిలియర్డ్స్ బంతితో గుర్రాలెక్కి ప్రయత్నించారని చెబుతారు. 1871లో హౌన్‌స్లో హీత్ మీద 9వ లాన్సర్స్ అనే మరో గుర్రపు దళంతో పెద్ద మ్యాచ్ ఆడారు. అప్పటికి పత్రికలు దాన్ని "గుర్రం మీద హాకీ" అన్నాయి. ఆ తర్వాత కొద్దికాలంలోనే పోలో స్థిరపడింది. ఇక అమెరికా, అర్జెంటీనా... పేరు మారలేదు.

ఇంకొక మాట కూడా మన వైపు నుంచి పోయింది. ఆటలో ఒక్కో విడతను చక్కర్ అంటారు. ఏడు నిమిషాల పైచిలుకు. అది మన చక్రం, హిందీ చక్కరే.

కొబ్బరాకు:
మన తెలుగు నేలకు ఈ ఆటతో ఏమైనా సంబంధం ఉందా? మనది గుర్రాల దేశం కాదు కదా.

సికింద్రాబాద్‌సైకిల్:
లేకేం అన్నా! నిజాం కాలంలో హైదరాబాద్ పోలోకు పెద్ద పేరు. 1896లో యువ సైనికుడు చర్చిల్, అవును ఆ విన్‌స్టన్ చర్చిలే, బెంగళూరులో ఉన్న 4వ హుస్సార్స్ జట్టుతో ఇక్కడికి వచ్చి గోల్కొండ కప్పు ఆడాడు. నిజాం వారి గోల్కొండ బ్రిగేడ్ జట్టును ఓడించి కప్పు పట్టుకెళ్లారు. బొంబాయి రేవులో దిగుతూ ఆయన భుజం కీలు తప్పింది, ఆ తర్వాత జీవితాంతం చేతిని పట్టీతో కట్టుకునే పోలో ఆడాడు.

సికింద్రాబాద్‌లో బైసన్ పోలో గ్రౌండ్ ఇప్పటికీ ఉంది. 2017లో అక్కడ కొత్త సచివాలయం కట్టాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు ఊళ్లో ఎంత గొడవ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చివరికి సచివాలయం పాత చోటే కట్టారు. అంత ఖాళీ జాగా ఊరి మధ్యలో మిగలడం నాకు చాలా ఆనందం. పొద్దున సైకిల్ మీద అటు వెళ్తే ఊపిరి తేలికవుతుంది.

గోదారిగట్టు:
కొలంక కప్పు మర్చిపోకండి. మన గోదావరి వైపు కొలంక రాజావారు ఇచ్చిన ట్రోఫీ. ఎత్తు సుమారు 6 అడుగులు, మనిషి పక్కన నిలబెడితే సమానంగా ఉంటుంది. ప్రపంచంలో ఎత్తైన ఆటల ట్రోఫీల్లో ఒకటని పేరు.

నల్లమల:
టీషర్టు, పిప్పరమెంటు సంగతి ఎవరూ చెప్పలేదు.

సరిహద్దు:
టీషర్టుది ఆట పేరే. అయితే ఆ బట్ట మొదట టెన్నిస్‌ది. ఫ్రాన్స్ ఆటగాడు రెనే లకోస్ట్ 1926లో పొడుగు చేతుల గట్టి చొక్కా వదిలేసి, మెత్తటి కాలరున్న పొట్టి చేతుల చొక్కాతో ఆడాడు. 1933 నుంచి మొసలి బొమ్మతో అమ్మాడు. పోలో ఆటగాళ్లు కూడా దాన్నే వేసుకోవడంతో ఆ పేరు పడింది. తర్వాత రాల్ఫ్ లారెన్ తన కంపెనీకే పోలో అని పెట్టుకుని ఊరూరా తెలిసేలా చేశాడు. మన బట్టల కొట్లో మాత్రం కాలర్ టీషర్టు అంటేనే చప్పున తీసిస్తారు.

వాటర్ పోలో కూడా ఆట పేరు నుంచే. 1870ల్లో బ్రిటన్‌లో పుట్టింది, అందులో గుర్రాలూ లేవు, కర్రలూ లేవు, మిగిలింది బంతి ఒక్కటే.

పిప్పరమెంటు 1948లో ఇంగ్లండ్‌లో వచ్చింది. ధ్రువప్రాంతపు చల్లదనం గుర్తొచ్చేలా పోలార్ అన్న మాట నుంచి ఆ పేరు పెట్టారంటారు. కాబట్టి దానికీ గుర్రాలకూ సంబంధం లేదు.

తెల్లకాగితం:
అందరికీ ధన్యవాదాలు. మా ఎడిటర్ గారికి ఈ చర్చ చూపించాను, వ్యాసం రెండు పేజీలకు పెంచమన్నారు. ఒకటే అడగాలి. "గుర్రపు చెండాట" అని తెలుగు పేరు పెడదామా అని ఒక ఆలోచన ఉంది. అలాగే మణిపూర్ ఆటకు బొమ్మ వేయించాలి, ఆర్టిస్టుకు ఏమని చెప్పాలి?

లైబ్రరీమావయ్య:
శీర్షికలో పోలో అనే ఉంచండి, లోపల ఒకసారి గుర్రపు చెండాట అని వాడండి. అర్థం తెలుస్తుంది, అసలు పేరూ పోదు. వీలైతే సగోల్ కాంజై కూడా పెద్దక్షరాల్లో వేయండి.

ఇంఫాల్‌నుంచి:
బొమ్మకు వివరాలు ఇవి. గుర్రం పెద్దది వేయొద్దు. మణిపురి గుర్రం పొట్టిది, మనిషి భుజం ఎత్తుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దెబ్బ తగలకుండా దాని రెండు పక్కలా కుచ్చులు వేలాడతాయి. ఆటగాడు తలపాగా, ధోవతి కట్టుకుంటాడు, పిక్కలకు రక్షణగా గుడ్డ పట్టీ చుట్టుకుంటాడు, కాళ్లకు చెప్పులుండవు. జట్టుకు ఏడుగురు. గోల్ స్తంభాలు మాత్రం అస్సలు వేయొద్దని చెప్పండి, సంప్రదాయ ఆటలో అవి లేవు. బంతి అవతలి గీత దాటితే గోల్. బంతి వెదురు వేరుతో చేస్తారు. గాల్లో వచ్చే బంతిని చేత్తో పట్టుకుని మళ్లీ కొట్టడం కూడా ఇక్కడి పద్ధతిలో తప్పు కాదు.

గుర్రాల గురించి ఒక్క వాక్యమైనా రాయండి. ఇంఫాల్ చుట్టూ లాంఫెల్‌పాట్ లాంటి చిత్తడి నేలల్లో అవి మేసేవి. ఇళ్లూ ఆఫీసులూ లేచి ఆ నేలలు తగ్గిపోయాయి, గుర్రాలు రోడ్ల మీదికి వచ్చాయి. 2016లో మణిపూర్ ప్రభుత్వం వీటి సంరక్షణకు ఒక విధానం తెచ్చింది. మాపాల్ కాంజైబుంగ్ అని ఊరి మధ్యలో పాత మైదానం ఉంది. ఈ గుర్రాల మీదే అక్కడ ఆడతారు, ఆడపిల్లల జట్లు కూడా దిగుతాయి. బొమ్మలో ఒక అమ్మాయిని గుర్రం మీద వేస్తే ఇక్కడివాళ్లు ఎంత మురిసిపోతారో చెప్పలేను.

తెల్లకాగితం:
తప్పకుండా వేయిస్తాను. స్కెచ్ రాగానే మీకు పంపిస్తాను, తలపాగా చుట్టు సరిగ్గా ఉందో లేదో అక్కడివాళ్లకు చూపించి చెప్పండి.